పది రోజుల గడువు

తెలుగులో తొలి కావ్యంగా చెప్పుకునే నన్నయ భారతం తెరిస్తే, అసలు కథలోకి దిగకముందే ఒక కుక్క దెబ్బలు తింటుంది. జనమేజయుడు యాగం చేస్తుంటాడు. సరమ అనే దేవలోకపు ఆడకుక్క కొడుకు ఆడుకుంటూ అటు వస్తాడు. రాజుగారి తమ్ముళ్లు వాణ్ణి కొట్టి తరిమేస్తారు. ఏడుస్తూ వచ్చిన కొడుకును వెంటబెట్టుకుని సరమ నేరుగా రాజు దగ్గరికే వెళ్లి నిలదీస్తుంది. సంస్కృత మూలంలో ఆ వాదన వకీలు వాదనంత స్పష్టంగా ఉంటుంది. నా బిడ్డ హవిస్సును నాకలేదు, అసలు అటు చూడనే లేదు, మరి ఎందుకు కొట్టారు? సభలో జవాబు ఉండదు. అనుకోని భయం వచ్చి మీద పడుతుందని చెప్పి ఆమె వెళ్లిపోతుంది.

అంత పెద్ద గ్రంథం చివర్లోనూ ఒక కుక్కే ఉంది. మహాప్రస్థానంలో వెంట నడిచి వచ్చిన కుక్కను వదిలేసి స్వర్గానికి రమ్మని ఇంద్రుడు అంటే, అలాగైతే స్వర్గమే వద్దంటాడు ధర్మరాజు. ఈ రెండో కథే మనకు చిన్నప్పటి నుంచి ఎక్కువగా చెప్పారు. నాకు మాత్రం మొదటిదే పెద్దదనిపిస్తుంది. ధర్మరాజుది ప్రేమ, సరమది విచారణ. ఆమె జాలి చూపమని అడగలేదు. నా కొడుకు ఏం చేశాడో చూసి కొట్టారా అని అడిగింది, అంతే.

సరమకు ఎదురుగా ఇంకో గొంతు కూడా మన దగ్గర ఉంది. బద్దెన పేరు మీద నడిచే సుమతీ శతకంలో కుక్కకు మంచి ముహూర్తం చూసి పట్టాభిషేకం చేసినా పాత గుణం పోదని ఒక పద్యం చెబుతుంది. పద్యం మనిషి గురించే. కానీ బడిలో దాన్ని బట్టీపట్టిన పిల్లలకు కుక్క గురించి కూడా ఒక తీర్పు తలలో ఉండిపోతుంది: అది మారదు.

కరిచే కుక్క మారుతుందా, మారదా? దాన్ని ఎవరు తేల్చాలి? ఎన్నాళ్లు చూసి, ఏ ఆధారంతో? 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన గొడవ అంతా చివరికి ఈ ప్రశ్న దగ్గరే ఆగింది. నేను చరిత్రకారుణ్ణి కాను. చదివింది ఇంజనీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్. అయినా ఈ ప్రశ్నకు మనవాళ్లు ఏ కాలంలో ఏం జవాబు చెప్పుకున్నారో వెతుక్కుంటూ పోతే, ఒక వింత కనబడింది. మనం ఒక కుక్కకు ఇచ్చిన అతి పెద్ద గడువు పది రోజులు. అది కూడా వేరే పని కోసం పుట్టిన లెక్క.

రెండే పెట్టెలు

తెలుగులో కుక్కల గురించిన సామెతలకు కరువు లేదు. మొరిగే కుక్క కరవదు. కుక్క తోక వంకర. కుక్క కాటుకు చెప్పు దెబ్బ. చంపాలనుకున్న కుక్క మీద పిచ్చిదని ముద్ర వేస్తారని ఇంకో మాట. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే మన భాష కుక్కలకు రెండే పెట్టెలు తయారుచేసిందని అర్థమవుతుంది. ఒకటి విశ్వాసం, ఒకటి పిచ్చి. మధ్యలో ఉండేది, అంటే రోగం లేకుండానే కరిచే కుక్క, దానికి విడిగా ఒక పేరంటూ లేదు. "అది కరిసే కుక్కరా" అంటాం. అని, ఆ వీధి తప్పించి ఇంకో వీధిలో పోతాం.

భాషలో పేరు లేకపోయినా పనిలో ఉంది. మాది నందికొట్కూరు. ఊరికి దగ్గర్లోనే రోళ్లపాడు అభయారణ్యం. బట్టమేక పిట్టను కాపాడటానికి 1988లో ఏర్పాటు చేశారు. ఆ గడ్డి మైదానాల్లో తోడేళ్లు కూడా ఉంటాయి. ఇటు నల్లమల అంచున చిరుతల భయం. అందుకని మా వైపు గొర్రెల మందల వెంట తిరిగే కుక్కలు మెత్తగా ఉంటే పనికిరావు. కోతలైన చేలల్లో ఎరువు కోసం రాత్రిళ్లు మందల్ని ఆపుతారు కదా, అప్పుడు చీకట్లో మంద దగ్గరికి పోవాలంటే ముందు కాపరిని కేకేసి పిలవాల్సిందే.

అట్లాంటి ఒక కాపరిని, వరసకు మామ అయ్యే పెద్దాయన్ని, ఒకసారి అడిగాను. "మనిషిని కరిసే కుక్కను ఏం చేస్తావు మామా?"

"యాడ కరిసింది, ఎవుర్ని కరిసింది, అది చూడాల కద నాయనా," అన్నాడు. "రాత్రిపూట మందలోకి కొత్తోడు వస్తే కరిసిందనుకో, అది దాని పని. పగులు దోవన పోయేటోళ్ల మింద పడిందంటే మెడకు కట్టె కడతాం. గొర్రెపిల్లను కరిసి రుచి మరిగిందంటే మాత్రం మందలో పెట్టం."

"మరి ఏం చేస్తారు దాన్ని?"

"అది అడగొద్దులే."

ఆయన చెప్పిన కట్టె గుదికర్ర. దొంగమేత మేసే గొడ్డు మెడకు కట్టేదీ అదే. ముందుకాళ్ల మధ్య వేలాడుతూ పరిగెత్తనివ్వదు. నడవడానికి, తినడానికి, మొరగడానికి అడ్డం రాదు. మనం మోయలేని బరువును గుదిబండ అంటున్నది ఇక్కణ్ణుంచే. ఆ మాటలో ఒక పాత జ్ఞానం ఉంది. కుక్క గుణాన్ని మార్చేశానని కాపరి అనుకోలేదు, చంపాలనీ అనుకోలేదు. అది చేయగల హానిని తగ్గించి, తన కళ్ల ముందు పెట్టుకున్నాడు. ఇప్పటి జంతు ప్రవర్తన నిపుణులు కూడా కరిచే కుక్క విషయంలో నయం చేయడం అనే మాటను తేలిగ్గా వాడరు. అదుపులో ఉంచడం అనే అంటారు.

ఇంకొక సంగతి. గుదికర్ర కట్టాలంటే కట్టేవాడు ఒకడు ఉండాలి. కుక్క పేరు, అలవాటు, దాని తల్లి ఏదో తెలిసినవాడు. రోజూ దానికి సంగటి ముద్ద వేసేవాడు. ఈ మనిషి ఉన్నాడా లేడా అన్నది ఈ కథ మొత్తంలో మళ్లీ మళ్లీ అడ్డం వస్తుంది.

కోపమే కొలువైన రోజులు

దూకుడు ఎప్పుడూ తప్పుగానే లెక్కయిందనుకోవడం పొరపాటు. కర్ణాటకలో మద్దూరు దగ్గర ఆతకూరులో పదో శతాబ్దం నాటి వీరగల్లు ఒకటి దొరికింది. రాష్ట్రకూట మూడో కృష్ణుడి కాలం. మణలేర అనే వీరుడు యుద్ధంలో చూపిన పరాక్రమానికి ఏం కావాలో కోరుకోమంటే, కాళి అనే వేటకుక్కను అడిగి తెచ్చుకున్నాడు. ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో తలపడింది. రెండూ చనిపోయాయి. కుక్క పేరు మీద రాయి నిలబెట్టి, పూజ జరగడానికి భూమి ఇచ్చారు. పంది మీదకు దూకే ఆ తెగువే ఊరి వీధిలో చూపించి ఉంటే కాళికి రాయి దక్కేది కాదు, రాళ్లు దక్కేవి.

తమిళనాడులోని రాజపాళయం కుక్కలూ అంతే. ఆ ఊళ్లో స్థిరపడిన రాజులు విజయనగర కాలంలో దక్షిణానికి వలస వెళ్లిన తెలుగువాళ్లు. ఇంటికి, పొలానికి కాపలాగా వాళ్లు పెంచుకున్న ఈ తెల్లకుక్కలు కొత్త మనిషిని దగ్గరికి రానివ్వవని పేరు. 2005లో తపాలా శాఖ వేసిన నాలుగు జాతి కుక్కల స్టాంపుల్లో ఇదొకటి. కొత్తవాళ్లను నమ్మకపోవడం దీనికి తరతరాలుగా ఇచ్చిన ఉద్యోగం. అదే కుక్కను తెచ్చి అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో కట్టేస్తే, లిఫ్టులోకి వచ్చే ప్రతివాడూ దానికి కొత్తవాడే. అప్పుడు సొసైటీ వాట్సాప్ గ్రూపులో అది "ప్రమాదకరమైన కుక్క" అవుతుంది.

జాతి పేరుతో తీర్పు చెప్పే ప్రయత్నం 2024లో ఏకంగా కేంద్ర ప్రభుత్వమే చేసింది. మార్చి 12న 23 జాతుల కుక్కల అమ్మకాన్ని, పెంపకాన్ని ఆపాలని రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. సంబంధం ఉన్నవాళ్లను సంప్రదించలేదని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. బ్రిటన్‌లో 1991 నుంచి ఇట్లాంటి చట్టమే నడుస్తోంది, జాబితా పెరుగుతోంది. నెదర్లాండ్స్ ఇట్లాంటి నిషేధాన్ని కొన్నేళ్లు అమలు చేసి, 2008లో ఎత్తేసింది.

కూనూరు రైలు

కుక్క మీద పెద్ద ఎత్తున ప్రభుత్వ తీర్పులు మొదలైంది కంపెనీ కాలంలో. బొంబాయిలో వేసవి వచ్చిందంటే వీధికుక్కలను చంపించేవాళ్లు. కుక్కకు అర్ధరూపాయి బహుమానం. 1832లో ఆ గడువును పొడిగించారు. డబ్బు కోసం పట్టేవాళ్లు ఇళ్ల ముందున్న పెంపుడు కుక్కలను కూడా లాక్కుపోవడం మొదలుపెట్టారు. కుక్కను పవిత్రంగా చూసే పార్సీలు జూన్ 6న తిరగబడ్డారు, మిగతా మతాలవాళ్లూ కలిశారు, బజార్లు మూతపడ్డాయి, సైన్యం దిగింది. చరిత్ర పుస్తకాలు దీన్ని మతం గొడవగా, పాలన గొడవగా చెబుతాయి. నాకు అందులో ఇంకోటి కనిపిస్తుంది. తలకు ఇంత అని ధర కట్టగానే ఏది పిచ్చిది, ఏది కాదు అని చూసే ఓపిక మాయమైంది.

భయానికి కారణం లేకపోలేదు. పిచ్చి, అంటే రేబిస్, లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. 1885 జులైలో పారిస్‌లో పాశ్చర్ తన టీకాతో ఒక తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి కాపాడాకే మనిషికి ఒక దారి దొరికింది. మన దేశంలో మొదటి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ 1900లో కసౌలీలో వచ్చింది. దక్షిణాదివాళ్లు అంతదూరం చేరేలోపు ప్రాణాలు పోతున్నాయని 1907లో నీలగిరుల్లోని కూనూరులో ఇంకోటి తెరిచారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కర్నూలు జిల్లావాళ్లకు కూడా దిక్కు అదే. కుక్క కరిచిన మనిషి మద్రాసు పోయి, మేట్టుపాళయంలో కొండ రైలెక్కి, ఊరు గాని ఊళ్లో రోజుల తరబడి సూదులు వేయించుకోవాలి. అంత ఖర్చు పెట్టుకోలేనివాళ్లు పసరు మందు, మంత్రం, దేవుడు.

1911లో కసౌలీలోనే డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడుతో తయారయ్యే టీకాను రూపొందించాక అది క్రమంగా జిల్లా ఆస్పత్రుల దాకా చేరింది. "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" అన్న మాట ఆ టీకాదే. మా తరం వరకూ ప్రతి తెలుగింట్లో పిల్లల్ని కుక్కల జోలికి పోకుండా ఆపింది ఆ ఒక్క వాక్యమే. 2005 నాటికి ఆ టీకా వాడకం దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు వేసేది చేతికే. కథ మాత్రం ఇంకా బొడ్డు చుట్టే తిరుగుతోంది.

పది రోజుల లెక్క కూడా రేబిస్ నుంచి పుట్టిందే. రేబిస్ ఉన్న కుక్క లాలాజలంలోకి వైరస్ వచ్చేది లక్షణాలు కనబడటానికి కొద్ది రోజుల ముందు మాత్రమే. ఆ తర్వాత కుక్క త్వరలోనే చచ్చిపోతుంది. కాబట్టి కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా తిరుగుతుంటే, కరిచిన రోజున దాని నోట్లో వైరస్ లేనట్టే. అందుకే డాక్టర్లు "కుక్క బతికుందా?" అని అడుగుతారు. టీకా మొదలుపెట్టడానికి మాత్రం ఆ పది రోజులు ఆగరు, ఆగకూడదు.

ఇది చాలా అందమైన లెక్క. ఒక జీవికి గడువిచ్చి, చూసి, తేల్చే పద్ధతి. మనుషులు కుక్క విషయంలో నేర్చుకున్న మొదటి సహనం ఇదేనేమో. కానీ ఇది జవాబు చెప్పే ప్రశ్న ఒక్కటే: ఆ కుక్కకు రేబిస్ ఉందా లేదా?

చట్టంలో ఒక వాక్యం

స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా ఏళ్లు పద్ధతి మారలేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టమే వీధికుక్కలను విషవాయువు గదుల్లో చంపడాన్ని హింస కింద లెక్కించకుండా మినహాయింపు ఇచ్చింది. మద్రాసు కార్పొరేషన్ కరెంటుతో చంపించేది. అదే మద్రాసులో 1959లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా, చంపడం వల్ల సంఖ్య తగ్గడం లేదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసి వదలండి అని 1964 నుంచి చెబుతూ వచ్చింది. కార్పొరేషన్ ఒప్పుకున్నది 1996లో. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో బ్లూ క్రాస్‌ను ప్రారంభించారు. 2001లో కేంద్రం కుక్కల జనన నియంత్రణ నిబంధనలు తెచ్చింది. పట్టు, ఆపరేషన్ చెయ్, టీకా వెయ్, పట్టిన చోటే వదులు. అప్పటి నుంచి దేశమంతా ఇదే సూత్రం.

ఆ నిబంధనల్లో ఒక వాక్యం నన్ను ఆపేసింది. పట్టుకొచ్చిన కుక్కకు రేబిస్ లేదని తేలి, వేరే జబ్బో, ఉగ్ర స్వభావమో ఉంటే, దాన్ని జంతు సంక్షేమ సంస్థకు అప్పగించాలి, వాళ్లు నయం చేసి మామూలు స్థితికి తేవాలి. అంతే. ఉగ్ర స్వభావం అంటే ఏమిటి, ఎవరు నిర్ణయిస్తారు, ఎట్లా నయం చేస్తారు, నయమైందని ఎవరు సంతకం పెడతారు, ఒక్క మాట లేదు. సుమతీ శతకం అసాధ్యమన్న పనిని, మన చట్టం ఒక్క వాక్యంలో సాధ్యమని రాసేసింది.

2023 మార్చిలో కొత్త నిబంధనలు వచ్చాయి. అందులో ఈ వాక్యం మరికాస్త మారింది. అట్లాంటి కుక్కకు చికిత్స చేసి, పది రోజులు గమనించి వదలాలి. మళ్లీ అదే పది! వైరస్ కోసం పుట్టిన గడువును స్వభావానికి తగిలించారు. రేబిస్ పది రోజుల్లో తనంతట తాను బయటపడుతుంది. కోపం పడదు. బోనులో భయపడి మూలన ముడుచుకున్న కుక్క పది రోజులూ బుద్ధిగానే కనిపిస్తుంది. తన వీధికి, తన గుంపులోకి తిరిగి వచ్చాక ఏం చేస్తుందో బోను చెప్పదు. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది. వీధిలో ఎవరినీ ఏమీ అనని కుక్క బోనులో చెయ్యి పెడితే కరుస్తుంది.

ఆ నిబంధనలు రావడానికి మూడు వారాల ముందే, 2023 ఫిబ్రవరి 19న, హైదరాబాద్ అంబర్‌పేటలో ఒక నాలుగేళ్ల బాబును వీధికుక్కల గుంపు చంపేసింది. తండ్రి వాచ్‌మన్‌గా చేసే చోటికి ఆదివారం పూట ఆయనతోపాటు వచ్చిన పిల్లవాడు. ఆ సీసీ కెమెరా వీడియో మనలో చాలామంది ఫోన్లలోకి వచ్చింది. తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. ఆ వారం మా ఆఫీసు క్యాంటీన్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. అన్నీ చంపేయాలి, ఒక్కటీ ముట్టుకోకూడదు. ఆ గుంపులో ఏ కుక్క ముందు దూకింది, అది అంతకుముందు ఎవరినైనా కరిచిందా, కరిస్తే ఎక్కడైనా రాసి పెట్టారా అని ఎవరూ అడగలేదు. అడిగినా ఊరికి అట్లాంటి పుస్తకం ఉంటే కదా.

ఆ ఖాళీని ఎవరో ఒకరు నింపుతారు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట వచ్చినవాళ్లు తుపాకీతో ఇరవై కుక్కలను కాల్చేశారు. కృష్ణ దాటితే మా కర్నూలుకు అట్టే దూరం కాని ఊరు. ఆ ఇరవైలో ఏది ఎవరిని కరిచిందో తేల్చాకే తూటా పేల్చారని నేను నమ్మను. జనమేజయుడి తమ్ముళ్లకు తుపాకీ దొరికినట్టుంది.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. ఆపరేషన్, టీకా అయినవాటిని వాటి చోట్లోనే వదలాలి. రేబిస్ ఉన్నవీ, ఉన్నట్టు అనుమానమున్నవీ, దూకుడు ప్రవర్తన ఉన్నవీ మాత్రం వదలకూడదు. తర్వాత నవంబర్ 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసేసినవాటిని మళ్లీ అక్కడికి వదలొద్దని చెప్పింది. పాత నిబంధన ఉగ్ర కుక్కను నయం చేసి వదలమంటే, కొత్త ఆదేశం వదలొద్దంటోంది. రెండింట్లోనూ ఉగ్రమంటే ఏమిటో కొలిచే కర్ర లేదు.

కొలవొచ్చా?

కొంతవరకు కొలవొచ్చు. ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు కాట్లకు ఆరు మెట్ల కొలత ఒకటి తయారుచేశాడు. పళ్లు తగలకుండా గుర్రుమనడం, మీదకు రావడం మొదటి మెట్టు. తగిలినా గాటు పడకపోవడం రెండు. ఒక్క కాటులో ఒకటి నుంచి నాలుగు గాట్లు, కోరపన్ను సగం పొడవుకు మించని లోతు, మూడు. అంతకంటే లోతుగా దిగితే నాలుగు. మళ్లీ మళ్లీ లోతుగా కరిస్తే ఐదు. ప్రాణం పోతే ఆరు. కుక్క మనసులో ఏముందో ఇది ఊహించదు, గాయాన్ని చూస్తుంది. మొదటి రెండు మెట్లలో ఉన్నవాటిని ఓపికగా దారిలో పెట్టవచ్చు, నాలుగు దాటితే చాలా ప్రమాదం, ఐదు ఆరులో ఉన్నది మనుషుల మధ్య ఉండకూడదు అంటాడు.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఎవరైనా "యాప్ పిచ్చిగా ఉంది" అని రాస్తే ఆ టికెట్ వెనక్కి పంపిస్తాం. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా, నష్టం ఎంత? కాపరి మామ అడిగినవీ ఇవే. యాడ కరిసింది, ఎవుర్ని కరిసింది.

కుక్క ఎందుకు అట్లా అవుతుంది అన్నదానికి కూడా కొంత తెలిసింది. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అమెరికాలో ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి చూసి 1965లో పుస్తకం వేశారు. పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల ఎవరి మధ్య పెరిగితే వాళ్లు దానికి తనవాళ్లు. ఆ వారాల్లో మనిషి తగలని కుక్క తర్వాత మనిషికి పూర్తిగా అలవాటు పడటం కష్టం. మన వీధికుక్క పిల్లలకు ఆ తొమ్మిది వారాలు గడిచేది టీకొట్టు వెనకో, మాంసం దుకాణం కాలువ పక్కనో. ఒక చెయ్యి బిస్కెట్ వేస్తుంది, ఇంకో చెయ్యి రాయి వేస్తుంది. అది ఏ చేతిని నమ్మాలి?

పరీక్షలకూ హద్దుంది. షెల్టర్లలో కుక్కలకు పెట్టే స్వభావ పరీక్షలను తిరగేసి చూసిన గ్యారీ పాట్రోనెక్, జానిస్ బ్రాడ్లీ 2016లో, వాటిని నమ్మడం నాణెం ఎగరేసి తేల్చడం కంటే మెరుగేమీ కాదని రాశారు. ఒక్క గంట పరీక్ష కంటే దాన్ని ఎరిగిన మనుషులు చెప్పే నెలల చరిత్రే ఎక్కువ పనికొస్తుంది.

మార్చగలం అనడానికి అందరూ చూపించే ఉదాహరణ 2007 నాటిది. అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్‌కు చెందిన వర్జీనియా స్థలంలో పందేలకు పెంచిన 51 పిట్‌బుల్ కుక్కలు దొరికాయి. అప్పటిదాకా ఆనవాయితీ ప్రకారం పందెం కుక్కలు దొరికితే చంపేయడమే. ఈసారి కోర్టు వాటి తరఫున ఒక న్యాయశాస్త్ర ప్రొఫెసర్‌ను సంరక్షకురాలిగా పెట్టి, ఒక్కోదాన్ని విడివిడిగా చూడమంది. పరీక్షించిన 49లో దూకుడు కారణంగా చంపాల్సి వచ్చింది ఒక్కదాన్నే. జబ్బు వల్ల ఇంకోటి. మిగిలిన 47లో కొన్ని ఇళ్లకు చేరాయి. కష్టమైన 22 యూటా రాష్ట్రంలోని ఒక శరణాలయానికి వెళ్లాయి. వాటిలో కొన్ని జీవితాంతం అక్కడే ఉండాలని కోర్టే షరతు పెట్టింది. అది కూడా గుదికర్రే.

ఈ కథ చదివి కళ్లు చెమర్చేవాళ్లు ఒక అంకె కూడా చూడాలి. వాటి పోషణ కోసం విక్ కట్టాల్సి వచ్చింది దాదాపు 9 లక్షల 28 వేల డాలర్లు. ప్రతి కుక్క వెనక డబ్బు, శిక్షకుడు, ఇల్లు, కోర్టు నిలబడ్డాయి. వాటిని మార్చింది ఆ ఏర్పాటు. దాన్ని పక్కన పెట్టి, "చూశారా, ప్రేమిస్తే మారతాయి" అనడం సగం నిజం.

ఎవరి కుక్క?

అందుకే నాకు అర్థమైనంతలో, కరిచే కుక్క మారుతుందా అన్న ప్రశ్న అడగాలంటే ముందు అది ఎవరి కుక్క అని అడగాలి. యజమాని ఉండి, మూడో మెట్టు లోపల ఉంటే చాలావరకు దారి ఉంది. గొలుసు, మూతికి జాలీ, ఆపరేషన్, శిక్షణ, అన్నిటికంటే ముందు యజమాని బాధ్యత. వీధిదైతే, వీధిలో దానికి తిండి పెట్టే మనిషి ఉంటే, ఆ మనిషి పేరు దాని పక్కన రాసుకోగలిగితే, అప్పుడూ కొంత ఆశ ఉంది. పిల్లల తల్లి కాబట్టి కరిచిందా, ఎద సమయంలో గుంపుల కొట్లాటలో కరిచిందా, రాయి పడ్డాక కరిచిందా చూడాలి. వీటిలో చాలావాటికి ఆపరేషన్‌తోనే జవాబు దొరుకుతుంది.

ఎవరిదీ కాని కుక్క మనిషిని లోతుగా, మళ్లీ మళ్లీ కరిచి ఉంటే దాన్ని తిరిగి అదే వీధిలో వదలడం దయ అని నేను అనుకోను. జీవితాంతం పెట్టుకునే చోటు ఉంటే అక్కడ, లేకపోతే పశువైద్యుడి చేతిలో నొప్పి లేని చావు. ఇది రాయడం నాకు ఇష్టంగా లేదు. కానీ వదిలేయాలని వాదించే నా మిత్రుల్లో ఎక్కువమంది గేటెడ్ కమ్యూనిటీల్లో ఉంటారు. వదిలిన కుక్క వెళ్లేది ఆ గేటు బయటికి. అక్కడ ఉండేది వాచ్‌మన్ల పిల్లలు, తెల్లవారకముందే రోడ్లు ఊడ్చే ఆడవాళ్లు. జాలి మనది, కాటు వాళ్లది.

అట్లాగే, ఒక ఫోన్ కాల్‌తో, ఒక వాట్సాప్ ఫొటోతో ఉగ్రమైనదని ముద్రపడి వ్యాన్ ఎక్కే కుక్క విషయంలో సరమ ప్రశ్న ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఏం చేసింది? మీరు చూశారా?

నందికొట్కూరు లాంటి చిన్న మునిసిపాలిటీకి విక్ కేసు డబ్బు ఎక్కణ్ణుంచీ రాదు. అంత అక్కర్లేదు కూడా. ఆస్పత్రిలో కుక్కకాటు టీకాకు వచ్చే ప్రతి మనిషి వివరాలు ఎట్లాగూ రాసుకుంటారు. వాటి పక్కన ఇంకో నాలుగు గళ్లు గీస్తే చాలు: ఏ వీధి, ఏ కుక్క, ఏం చేస్తుండగా, గాయం ఏ మెట్టు. ఆ కాగితం నెలకోసారి పశువైద్యుడి బల్ల మీదికి చేరాలి. ఒకే వీధి, ఒకే కుక్క మూడుసార్లు కనిపిస్తే, నాలుగోసారికి పిల్లవాడెవరో ముందే తెలిసినట్టే. ఆరు నెలల పాటు ఒక్కసారి కూడా కనిపించని కుక్కను ఎవరో కోపంతో పిచ్చిదంటే, వ్యాన్ డ్రైవర్ ఆ కాగితం తీసి చూపించవచ్చు.